పుట్టింట్లో చేయించిన పరీక్ష

ఆ చిన్న కుక్కర్ ఎక్కడ ఉండాలన్న వాదన మూడో రోజుకి వచ్చింది. వంటగట్టు మీద ఉంటే పిండి కలుపుకోవడానికి చోటు చాలడం లేదని నాగేశ్వరమ్మ అంది. ఫ్రిజ్ మీద పెడితే రోజూ ఎక్కించి దించడం తన వల్ల కాదని వీణ అంది. మిక్సీ పక్కన పెడదామంటే ప్లగ్గు ఒక్కటే ఉంది. అసలు గొడవ చోటు గురించి కాదని ఇద్దరికీ తెలుసు. ఒక ఇంట్లో రెండు వంటలేమిటని అత్తగారు. గుప్పెడు బియ్యం ఉడకేసుకుంటే అది రెండో వంట ఎలా అవుతుందని కోడలు.

"నలుగురం రొట్టెలు తింటున్నాం. నీ ఒక్కదానికీ ఏం వచ్చిందమ్మా?" అంది నాగేశ్వరమ్మ, కుక్కర్‌ని మోచేత్తో గోడవైపు జరుపుతూ.

"ఏం వచ్చిందో తెలీకే కదత్తయ్యా, ఆరేళ్ళుగా తిరుగుతున్నాను."

"తెలీకపోవడమేంటి? తెలిసిందిగా," అన్నాడు హాల్లోంచి మావగారు భీమారావు. "ఏం లేదని తెలిసింది."

ఆయన లేచి అలమారు తెరిచిన చప్పుడు వినిపించింది. వీణ కళ్ళు మూసుకుంది. ఇప్పుడు నీలం ఫైలు వస్తుంది. భీమారావు తెనాలిలో ట్రెజరీ ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. సంతకం, స్టాంపు ఉన్న కాగితాన్ని ఆయన దేవుడికన్నా ఎక్కువ నమ్ముతాడు. వీణ పుట్టింటి ఊరు తణుకులో లాబ్ వాళ్ళిచ్చిన రిపోర్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచింది ఆయనే. వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళజోడు సర్దుకుని, మే ఇరవై రెండో తారీఖు అని మొదలుపెట్టి, పరీక్ష పేరు, అంకె, ఆ అంకె ఎంతలోపు ఉండాలో అన్నీ చదివి, చివర్న "నార్మల్" అని కాస్త ఆగి, ఫైలు మూశాడు. ఆయన అది చదవడం ఇది ఎన్నోసారో వీణ లెక్క పెట్టడం మానేసింది.

ఆ కాగితం వీణకి గోధుమ పడుతుందని చెబుతోంది. వీణ పొట్ట పడదని చెబుతోంది. ఆ ఇంట్లో కాగితం మాటే చెల్లింది.

*

ఆరేళ్ళ క్రితం అత్తమామలు ఘాజియాబాద్‌కి, పదకొండో అంతస్తులోని ఈ ఫ్లాటుకి వచ్చేశారు. వచ్చిన రెండో నెలలో భీమారావుకి షుగర్ ఎక్కువగా ఉందని తేలింది. అన్నం మానేసి రొట్టెలు తినమన్నాడు డాక్టరు. ఒక్క మనిషి కోసం వేరే వంటేమిటని ఇల్లు మొత్తం రెండు పూటలా రొట్టెల్లోకి మారిపోయింది. ఆ రోజు ఒక్కడి కోసం అందరూ మారడం ఎవరికీ విడ్డూరంగా తోచలేదు. భీమారావు గోధుమలు స్వయంగా ఏరి, వీధి చివర పిండి ఆడే చక్కీకి మోసుకెళ్ళి, ఎదురుగా నిలబడి ఆడించుకొచ్చేవాడు. పిండి వేడి తగ్గకుండా ఇంటికి తేవడం ఆయనకి గర్వం. వీణ పొద్దున్న పది, సాయంత్రం పద్నాలుగు చేసేది.

ఆ ఏడాదే మొదలైంది. సాయంత్రానికి పొట్ట డోలులా బిగిసేది. రోజుకి ఆరుసార్లు, ఏడుసార్లు వెళ్ళాల్సి వచ్చేది. మెట్రోలో వెళితే ఏ స్టేషన్లో టాయిలెట్ ఎటువైపు ఉందో వీణకి కంఠతా వచ్చింది. నోయిడాలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. ఎనిమిదో తరగతి పిల్లల ముందు సగం లెక్కలో సుద్దముక్క కింద పెట్టి పరుగెత్తడం మూడుసార్లు అయ్యాక, నాలుగోసారి కోసం ఆగకుండా ఉద్యోగం మానేసింది. ఇంట్లో బాత్రూం హాలుని ఆనుకుని ఉంటుంది. మావగారు అక్కడే కూర్చుంటాడు. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ముందు కుళాయి తిప్పి, బకెట్లోకి నీళ్ళు ధారగా వదిలేది, చప్పుడు బయటికి రాకుండా. నీళ్ళు వృథా చేస్తోందని అత్తగారు అనేది.

డాక్టర్లకి కొదవలేదు. ఒకాయన గ్యాస్ అన్నాడు. ఒకాయన నులిపురుగులకి మందిచ్చాడు. ఒకావిడ, నలభై దగ్గరపడుతోంది కదా, ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలేనంది. గొట్టం వేసి చూసినాయన కడుపులో పూత ఉందని చెప్పి పంపేశాడు. ఇంకొకాయన మాత్రం చాలా దయగా మాట్లాడాడు. అన్నం బరువు, ఉప్మా బరువు, తేలిగ్గా దలియా తినమ్మా, అన్నాడు. దలియా అంటే గోధుమ నూకే. వీణ మూడు నెలలు పొద్దునా రాత్రీ అదే తిని ఏడు కిలోలు తగ్గింది. మళ్ళీ వెళితే ఆయన ఆమె భర్త శరత్ వైపు తిరిగి, మేడమ్‌కి ఇంట్లో టెన్షన్లేమైనా ఉన్నాయా అని అడిగాడు. శరత్ ఒక్క క్షణం ఆలోచించి, కొంచెం సెన్సిటివ్ అన్నాడు. ఆ మాటకి ఆయన నిద్రమాత్రలు రాశాడు.

శరత్ చెడ్డవాడు కాదు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇరవైమంది టీముని నడుపుతాడు. అక్కడ ఒక తప్పు దొరక్కపోతే దొరికేదాకా వెతికిస్తాడట. ఇంట్లో మాత్రం రెండోసారికే అలిసిపోయాడు.

ఈ ఆరేళ్ళలో ఒకటి మాత్రం అందరూ గమనించారు. వేసవి సెలవులకి తణుకు వెళితే వీణ పదిరోజుల్లో మనిషయ్యేది. మొహంలోకి రంగు వచ్చేది. అమ్మ దుర్గాంబ ఫోన్ చేసి, పిల్ల ఇక్కడ బాగానే తింటోంది వదినగారూ, అని సంతోషంగా చెప్పేది. ఆ సంతోషమే వీణ కొంప ముంచింది. పుట్టింటి గాలి తగిలితే పోయే రోగాన్ని ఏమంటారని నాగేశ్వరమ్మ అడిగేది. ఆ గాలేదో ఒక సిలిండర్లో పట్టి తెచ్చుకోకపోయావా, ఈ ఢిల్లీలో మాకూ పనికొచ్చేది, అనేవాడు భీమారావు. శరత్ నవ్వేవాడు. వీణ కూడా నవ్వింది, మొదటి రెండేళ్ళు.

ఈ ఏడాది ఏప్రిల్లో నాగేశ్వరమ్మే అంది, ఎలాగూ వెళుతున్నావు, అక్కడే గట్టిగా చూపించుకుని రా అని. వాళ్ళింట్లో అది పద్ధతి. కోడలికి కాన్పయినా, పన్ను నొప్పయినా, కంటి ఆపరేషనయినా పుట్టింటివాళ్ళే చూపించాలి. అక్కడయితే చేసేవాళ్ళుంటారు, మొహమాటం ఉండదు. తనకి శరత్ పుట్టాక కడుపులో ఏదో తేడా చేస్తే తననీ అలాగే పంపారని, నాలుగు నెలలుండి వచ్చిందని చెప్పింది. ఏం తేడా అని వీణ అడిగింది. ఏమో, ఎవరూ చెప్పలేదు, తగ్గాక తీసుకొచ్చారు, అంది నాగేశ్వరమ్మ.

అప్పటికే రొట్టె గొంతు దిగక వీణ మూడు నెలలుగా మజ్జిగన్నం మీదే బతుకుతోంది, కూతురు భవ్య లంచ్ బాక్సు కోసం వండినదాంట్లోంచి తీసుకుని. తణుకులో మరో నలభై రోజులు. అమ్మ మూడు పూటలా అన్నం పెట్టింది. బుగ్గలు కాస్త నిండాక తీసుకెళ్ళి ఆసుపత్రిలో చూపించింది. అక్కడి డాక్టరు తెలివైనవాడే. ఉత్తరాదిలో ఉంటున్నారు కదా, గోధుమ పడని జబ్బొకటి ఉంది, సీలియాక్ అంటారు, రక్తంలో చూద్దాం, అన్నాడు. చూశారు. నార్మల్ అని వచ్చింది. ఇప్పుడు నీలం ఫైల్లో ఉన్నది అదే.

జూన్లో తిరిగొచ్చినప్పట్నుంచీ వీణ గుప్పెడు బియ్యం విడిగా వండుకుంటోంది. ఆ డాక్టరు నోట వచ్చిన మాట మనసులోంచి పోలేదు. తనకి తానే ఒక పరీక్ష పెట్టుకుంది. అన్నం తిన్నన్నాళ్ళూ పొట్ట ఊరుకుంది. దీపావళికి పక్కింట్లో మొహమాటానికి నాలుగు పూరీలు తింది, నాలుగు రోజులు మంచం దిగలేదు. శరత్‌కి చెప్పింది. అతను ఫోన్లోంచి తలెత్తి, "రిపోర్ట్ నెగెటివ్ కదా వీణా," అన్నాడు.

"నెగెటివ్ అని నా పొట్టకి తెలీదు."

"అదే మరి. అది ఇక్కడ ఉంది," అని తన తల చూపించుకున్నాడు.

ఆ తర్వాతే ఆమె చిన్న కుక్కర్ కొనుక్కుంది.

*

మూడోరోజు వాదన ముగియకుండానే, మర్నాడు గురువారం పొద్దున్నే వీణ ఢిల్లీలో పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్ళింది. మళ్ళీ డాక్టరా అని శరత్ అడిగాడు, లీవు దొరకదన్నాడు. తోడు రమ్మని ఆమె అడగలేదు. ఎనిమిది గంటలకి క్యూలో నిలబడితే పన్నెండున్నరకి లోపలికి పిలిచారు. ముప్పై నిండని డాక్టరమ్మాయి. కళ్ళ కింద నల్లగా ఉంది, బల్ల మీద చల్లారిన టీ. వీణ సంచీలోంచి ఫైళ్ళు తీసి పేర్చింది. నీలం ఫైలు కూడా మావగారిని అడక్కుండానే తెచ్చింది.

ఆ అమ్మాయి పేజీలు గబగబా తిప్పింది. తణుకు రిపోర్టు దగ్గర ఆగింది. హిమోగ్లోబిన్ ఏడున్నర ఉన్న పాత కాగితాన్ని తీసి దాని పక్కన పెట్టింది. హిందీలో అడిగింది, ఈ టెస్ట్ ఎప్పుడు చేయించారు అని.

"మేలో."

"ఎక్కడ?"

"మా పుట్టింట్లో. ఆంధ్రాలో."

"అక్కడ రోజుకి ఎన్ని రోటీలు తినేవారు?"

వీణకి ప్రశ్న అర్థమైంది గానీ ఎందుకో అర్థం కాలేదు. మా అమ్మ ఇంట్లో రోటీ ఎవరూ తినరని, అన్నమేనని చెప్పింది. అంతకు ముందు మూడు నెలలు కూడా ఢిల్లీలో దాదాపు మానేశానంది. ఆ అమ్మాయి కలం కింద పెట్టింది.

"దీదీ, అయితే ఈ టెస్ట్ చెయ్యనట్టే."

గోధుమ లోపలికి వెళితే శరీరం దానిమీద యుద్ధానికి దిగుతుందట ఈ జబ్బున్నవాళ్ళకి. రక్తంలో వెతికేది ఆ యుద్ధం జాడ. నెలల తరబడి గోధుమే లేకపోతే జాడ కూడా చెరిగిపోవచ్చు. మీకు ఆ జబ్బు ఉందని నేను అనడం లేదు, లేదని ఈ కాగితం మాత్రం చెప్పలేదు, అంది. గొట్టం వేసినప్పుడు చిన్నపేగు ముక్క తీసి చూడలేదు, అదీ వదిలేశారు. ఆరేళ్ళలో మీరు ఏం తింటున్నారని ఎవరూ అడగలేదా?

వీణ తల అడ్డంగా ఊపింది. ఏం తినాలో చెప్పారు. ఏం తింటున్నావని ఎవరూ అడగలేదు. అందరూ రాసిచ్చారు, అందరూ సంతకాలు పెట్టారు. ఆరేళ్ళు. మానేసిన ఉద్యోగం. వదిలిన కుళాయిలు. ఒక్క ప్రశ్న. బల్ల మీది ఫైళ్ళని ఆమె ఒక్కొక్కటిగా మూసింది.

ఇప్పుడేం చెయ్యాలి అని అడిగింది.

ఆ అమ్మాయి కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. సరిగ్గా తెలియాలంటే మళ్ళీ గోధుమ తినాలి. రోజూ, కొలత ప్రకారం, ఆరు వారాలు. అప్పుడు రక్తపరీక్ష, ఆ తర్వాత పేగు ముక్క. కష్టంగా ఉంటుంది, మరీ భరించలేకపోతే ఆపేసి నా దగ్గరికి రండి, అంది. ఇష్టం లేకపోతే ఇదంతా వద్దు, జీవితమంతా గోధుమ మానేసి ఉండిపోవచ్చు. కానీ పేరు ఉండదు. ఆ జబ్బే ఉంటే ఎముకలూ చూడాలి, మీ అమ్మాయికీ పరీక్ష చెయ్యాలి. పేరు లేకుండా అవేవీ జరగవు.

"మీ ఇంట్లో మానేసి ఉండనిస్తారా?" అని అడిగింది చివర్న, మామూలుగా.

వీణ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆ అమ్మాయి ఇంకేం అడక్కుండా చీటీ రాసింది. తినవలసినది, ఎన్ని రోజులు, పరీక్ష తారీఖు. కింద సంతకం పెట్టి, ముందుకి వంగి స్టాంపు గట్టిగా గుద్దింది.

మెట్రోలో సీటు దొరికింది. యమున దాటుతుంటే బయట పొగలో ఏదీ కనిపించలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వీణ వరసగా ఆలోచించింది. తణుకు డాక్టరు మీదా? ఆయన సరైన జబ్బునే అనుమానించాడు. ప్రేమగా మూడు పూటలా అన్నం పెట్టిన అమ్మ మీదా? పుట్టింటికి పంపిన అత్త మీదా? ఆమెనీ అలాగే పంపారు, జబ్బు పేరు కూడా చెప్పకుండా తిరిగి తెచ్చుకున్నారు. అందరూ తలా ఒక మంచిపనే చేశారు. అయినా తన మాట ఒక్కరూ నమ్మలేదు. తను జబ్బు మనిషినని నిరూపించుకోవడానికి ఇప్పుడు మళ్ళీ జబ్బు తెచ్చుకోవాలి. అదీ ఎవరికో కాదు, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే వాళ్ళకి.

*

ఇంటికొచ్చేసరికి వంటగట్టు మీద చిన్న కుక్కర్ లేదు. అటక మీద, పాత సూట్‌కేసు వెనక దాని తీగ కొస కనిపించింది. పిండి కలపడానికి చోటు లేకపోతే ఎలాగమ్మా, అంది నాగేశ్వరమ్మ అటువైపు చూడకుండా.

వీణ స్టూలు ఎక్కి కుక్కర్ దించుకుని, బియ్యం కడిగి పెట్టుకుంది. పిండి కలిపి పద్నాలుగు రొట్టెలు చేసింది, బీరకాయ కూర చేసింది. ఏడున్నరకి శరత్ వచ్చాడు. ట్యూషన్ నుంచి భవ్యశ్రీ వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. అందరూ భోజనానికి కూర్చున్నారు. డాక్టరు ఏమందని ఎవరైనా అడుగుతారేమోనని వీణ రెండో రొట్టె వడ్డించేదాకా చూసింది. భవ్య అడిగింది.

"మమ్మా, డాక్టర్ నే క్యా బోలా?"

వీణ తన పెరుగన్నం గిన్నె తెచ్చుకుని కూర్చుంది.

"సోమవారం నుంచి నేనూ రొట్టెలే తింటాను," అంది. "రోజుకి నాలుగు. ఆరు వారాలు."

నాగేశ్వరమ్మ మొహం విప్పారింది. భీమారావు తల పంకించి, నేనేం చెప్పాను అన్నట్టు కొడుకు వైపు చూశాడు. ఢిల్లీ డాక్టరైనా సరిగ్గా చెప్పాడన్నమాట, అన్నాడు.

"చెప్పింది మావయ్యా. నీలం ఫైల్లో పరీక్ష లెక్కలోకి రాదంది. అన్నం తింటూ చేయిస్తే గోధుమ పడుతుందో లేదో ఎలా తెలుస్తుందని అడిగింది." సంచీలోంచి చీటీ తీసి ఆయన ముందు పెట్టింది. "స్టాంపు ఉంది. చూసుకోండి."

ఆయన కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాడు. చదివాడు. ఈసారి పైకి చదవలేదు.

శరత్ చీటీ అందుకుని చూసి, మళ్ళీ చూశాడు. పడకపోతే తినకుండా ఉంటే సరిపోతుంది కదా, ఇదంతా ఎందుకు అన్నాడు, మెల్లగా.

"తినకుండా ఉండనిచ్చారా?" అంది వీణ. "నేను వచ్చేసరికి నా కుక్కర్ ఇవాళ అటక మీద ఉంది."

అతను తల్లివైపు చూశాడు. ఆమె కంచంలోకి చూసుకుంది.

"ఇంకోటి. ఆ రొట్టెలు నేను చేసుకోను. మీ అందరికీ చేస్తాను, నావి మాత్రం చెయ్యను. పొద్దున్న రెండూ అత్తయ్య చెయ్యాలి. సాయంత్రం రెండూ శరత్ చెయ్యాలి. పక్కన కూర్చుని నేను తినడం చూడాలి."

"నీకు పడదని తెలిసి తెలిసి నా చేత్తో పెట్టమంటావేంటే?" అంది నాగేశ్వరమ్మ.

"పడదని మీకు ఎప్పుడు తెలిసింది అత్తయ్యా?"

నాగేశ్వరమ్మ తుంచిన రొట్టె ముక్కని నోట్లో పెట్టుకోకుండా కూరలోనే వదిలేసింది. భవ్య ఒక్కొక్కరి మొహమూ చూసి, లేచి వెళ్ళి తల్లి పక్క కుర్చీలో కూర్చుంది.

వీణ గొంతు పెంచలేదు. పాలవాడికి రేపు ఎన్ని ప్యాకెట్లు చెప్పాలో చెబుతున్నట్టే చెప్పింది.

"డిసెంబరు చివర్లో రక్తపరీక్ష. ఆ రోజు శరత్ లీవు పెడతాడు. ఉందని తేలితే భవ్యకీ చేయిస్తాం, ఇక్కడే, తణుకులో కాదు. లేదని తేలితే మీరందరూ అన్నది ఒప్పుకుంటాను. ఈ ఆరు వారాలూ నేను హాల్లో బాత్రూమే వాడతాను. కుళాయి తిప్పను."

అన్నంలో ఉప్పు కలుపుకుంటూ, ఏదో మరిచిపోయినట్టు ఆగింది.

"పిండి డబ్బా పొయ్యి కింద అరలో ఉంటుంది శరత్. చపాతీ పీట దాని వెనకే ఉంది."